ముల్లు దిగిన చోటు నుంచి: స్టెగోసారస్, అల్లోసారస్ మోడల్ డైరీ

జూన్ మొదటి వారం: ఏ క్షణం?

మా ఊరి హైస్కూల్ సైన్స్ గదికి డైనోసార్ మోడల్ ఒకటి చేసివ్వడానికి ఒప్పుకున్నాను. ఏ డైనోసార్ అన్నది ముందే తేలిపోయింది. వీపు మీద నిలువు పలకలు, తోక చివర నాలుగు ముళ్ళు ఉన్న శాకాహారి స్టెగోసారస్. దానితోపాటు, దాన్ని వేటాడిన అల్లోసారస్. సుమారు 15 కోట్ల ఏళ్ళ కిందట, జురాసిక్ యుగం చివరి భాగంలో, ఇప్పటి పశ్చిమ అమెరికాలో ఈ రెండూ ఒకే నేల మీద తిరిగాయి. కొలరాడో, వ్యోమింగ్, యూటా రాష్ట్రాల్లో బయటపడే మోరిసన్ ఫార్మేషన్ అనే రాతి పొరల్లో రెండింటి ఎముకలూ దొరుకుతాయి. రెండింటికీ పేరు పెట్టింది ఒక్కరే: యేల్ ప్రొఫెసర్ ఒత్నియెల్ చార్లెస్ మార్ష్. అదీ ఒకే ఏడాదిలో, 1877లో.

తేలాల్సింది భంగిమ. షాపుల్లో దొరికే బొమ్మల్లో మాంసాహారి నోరంతా తెరిచి నిలబడుతుంది, శాకాహారి తల తిప్పి చూస్తుంది. అవి అలాగే నిలబడి ఉంటాయనడానికి ఆధారం ఏమీ కనపడదు. నా మోడల్‌లో ఈ రెండు జంతువులూ ఒకదానికొకటి తగిలే చోటుకి మాత్రం ఎముకల్లో సాక్ష్యం ఉండాలని నిర్ణయించుకున్నాను. మిగతా ఒళ్ళంతా ఆ చోటు నుంచి లెక్క కట్టుకుంటూ రావాలి.

సాక్ష్యాలు ఉన్నాయి, అవి కూడా చాలా బలమైనవి. 2005లో కెన్నెత్ కార్పెంటర్, ఆయన తోటి పరిశోధకులు ఒక అల్లోసారస్ తోక వెన్నుపూస గురించి రాశారు. ఆ వెన్నుపూస నుంచి పక్కకు పొడుచుకొచ్చిన రెక్కలాంటి భాగంలో ఒక చిల్లు ఉంది. స్టెగోసారస్ తోక ముల్లు ఆ చిల్లులో సరిగ్గా సరిపోతుంది. చిల్లు చుట్టూ ఎముక కొంత తిరిగి పెరిగింది. అంటే పోటు తిన్న అల్లోసారస్ ఆ తర్వాత కూడా బతికింది. అదే పరిశోధనలో ఎదురు సాక్ష్యం కూడా ఉంది. ఒక స్టెగోసారస్ మెడ పలక అంచున అర్ధచంద్రాకారంలో కాటు పడింది. ఆ వంపు అల్లోసారస్ మూతికి సరిపోయింది. ఒకటి పొడిచింది, ఒకటి కొరికింది, రెండూ ఎముకల్లోనే మిగిలాయి.

ఇంకొకటి 2014లో రాబర్ట్ బ్యాకర్ బృందం వివరించిన గాయం. ఇది అల్లోసారస్ జఘనాస్థిలో ఉంది, అంటే పొట్ట కింద, వెనక కాళ్ళ మధ్య కిందికి దిగే ఎముకలో. శంకువు ఆకారపు పోటు అది. దాని చుట్టూ గుప్పెడంత మేర ఎముకను చీము తినేసింది. మానిన గుర్తులు లేవు. ఆ జంతువు ఆ ఇన్‌ఫెక్షన్‌తోనే చనిపోయి ఉంటుందని వాళ్ళ అంచనా.

నేను ఈ మూడో గాయాన్నే ఎంచుకున్నాను. కారణం దాని స్థానం. పొట్ట కింద అంత లోపలికి, కింది నుంచి పైకి ముల్లు దిగాలంటే స్టెగోసారస్ తోక పక్కకి ఊగితే చాలదు. కిందుగా దూసుకెళ్ళి, చివర మెలి తిరిగి పైకి లేవాలి. అప్పుడు తోక ఎంత వంగి ఉండాలి, అల్లోసారస్ ఏ కాలు ముందుకు వేసి ఉండాలి, రెండింటి మధ్య దూరం ఎంత అన్నవన్నీ ఆ ఒక్క పోటు నుంచే వస్తాయి.

మా మేనల్లుడు ఏడో తరగతి. స్కెచ్ చూసి మొదట అడిగింది, “అత్తా, అల్లోసారస్ బదులు టీ-రెక్స్ పెట్టొచ్చుగా, అందరికీ తెలుసు” అని. టీ-రెక్స్ పుట్టే సరికి స్టెగోసారస్ అంతరించిపోయి దాదాపు ఎనిమిది కోట్ల ఏళ్ళు అయిందని చెప్పాను. టీ-రెక్స్‌కీ మనకీ మధ్య ఉన్న కాలం అంతకంటే తక్కువ. వాడు దాన్ని పెన్సిల్‌తో గోడ మీద గీత గీసి చూసుకున్నాడు. ఆ గీతను మోడల్ వెనక అట్ట మీద కూడా గీయాలని అప్పుడే అనుకున్నాం.

జూన్ రెండో వారం: కొలతలు

స్కేలు 1:10. తరగతి గదిలో బల్ల మీద పట్టాలి, పిల్లలు వంగి చూడగలగాలి.

స్టెగోసారస్‌కి నమూనాగా లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో ఉన్న అస్థిపంజరాన్ని తీసుకున్నాను. దాన్ని సోఫీ అని పిలుస్తారు. 2003లో వ్యోమింగ్‌లోని షెల్ అనే చిన్న ఊరి దగ్గర దొరికింది, 2014 డిసెంబరు నుంచి ప్రదర్శనలో ఉంది. పొడవు 5.6 మీటర్లు, పలకలతో కలిపి ఎత్తు 2.9 మీటర్లు, బతికున్నప్పుడు బరువు 1.6 టన్నుల దాకా. నా మోడల్‌లో 56 సెం.మీ. పొడవు, 29 సెం.మీ. ఎత్తు. ఇంతకంటే పెద్ద స్టెగోసారస్‌లు ఉన్నాయి. 2024లో న్యూయార్క్ వేలంలో 4.46 కోట్ల డాలర్లకు అమ్ముడైన ఏపెక్స్ అనేది 8 మీటర్లు దాటుతుంది. కానీ సోఫీ ప్రజల మ్యూజియంలో ఉంది. దాని ఎముకలు ఒక్కొక్కటీ కొలిచి 2015లో అందరూ చదువుకునేలా ప్రచురించారు. ఎక్కడో ఒక ఊళ్ళో కూర్చుని తీగ వంచుకునే నాలాంటివాళ్ళకి కూడా అందే ఎముకలే నిజంగా విలువైనవని నా నమ్మకం.

అల్లోసారస్‌కి నమూనా బిగ్ అల్. ఇదీ షెల్ దగ్గరే, 1991లో దొరికింది. అస్థిపంజరం దాదాపు 95 శాతం ఉంది. పొడవు సుమారు 8 మీటర్లు, అంటే నాకు 80 సెం.మీ. పూర్తిగా ఎదగని వయసులోనే చనిపోయింది. ఒకే ఊరి చుట్టుపక్కల దొరికిన ఎర, వేటగాడు నా బల్ల మీద ఎదురుపడుతున్నాయి. ఈ రెండూ ప్రాణంతో ఉండగా ఒకదానినొకటి చూశాయని కాదు. కానీ ఒకే ప్రాంతంలో పెరిగిన జంతువుల కొలతలు ఒకే బల్ల మీదికి రావడం నాకు చాలా నచ్చింది.

రెండు అస్థిపంజరాల పక్క చిత్రాలనూ 1:10కి ప్రింట్ తీయించి అట్టకు అంటించాను. ప్రతి వంపునూ వీటి మీద పెట్టే సరిచూస్తున్నాను.

జూన్ మూడో వారం: హైదరాబాద్

పని మీద హైదరాబాద్ వెళ్ళి, బిర్లా సైన్స్ సెంటర్‌లో కోటసారస్ ముందు చాలాసేపు గడిపాను. అది స్టెగోసారస్ కాదు. పొడవు మెడ శాకాహారుల తొలి తరాలకు చెందింది, కాలం కూడా ఇంకా వెనక్కి, జురాసిక్ మొదటి భాగం. పాత ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి దగ్గర కనీసం 12 జంతువుల ఎముకలు కలగలిసి దొరికితే, జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు వాటితో ఈ అస్థిపంజరం నిలబెట్టారు. నేను చూడాలనుకున్నది తొడ ఎముక. టన్నుల బరువు మోసే జంతువుకి తొడ ఎముక పక్కకి చాచినట్టు ఉండదు, ఒంటి కింద నిటారుగా దిగుతుంది. ఫొటోలో ఎన్నిసార్లు చూసినా అర్థం కానిది ఆ ఎముక కింద నిలబడి తల ఎత్తితే అర్థమైంది.

కోటసారస్‌కు 1988లో పేరు పెట్టిన పి. యాదగిరి, కె. అయ్యస్వామితో కలిసి 1979లో తమిళనాడు అరియలూర్ ప్రాంతపు రాళ్ళ నుంచి ద్రవిడోసారస్ అనే స్టెగోసార్‌ను (స్టెగోసారస్ కుటుంబపు జంతువును) కూడా ప్రకటించారు. తర్వాత 1996లో శంకర్ ఛటర్జీ, డి.కె. రుద్ర అది సముద్ర సరీసృపానిదని వాదించారు. 2017లో మళ్ళీ స్టెగోసారే అన్న వాదన వచ్చింది. స్కూల్లో ఎవరైనా “మన దేశంలో స్టెగోసార్ ఉందా” అని అడిగితే ఈ కథంతా చెప్పాలి.

జూన్ చివర: తీగ

వెనక కాళ్ళకీ నడుముకీ 4 మి.మీ. ఇనప చువ్వ, తోకకీ మెడకీ మెత్తటి జీఐ తీగ రెండు పేటలు మెలేసి, కీళ్ళ దగ్గర బైండింగ్ వైరు. వెల్డింగ్ షాపు బాబాయ్ నడుము దగ్గర టీ ఆకారంలో అతుకు వేసిచ్చారు. అల్లోసారస్ చువ్వ చూసి, “రెండు కాళ్ళ మీద ఇంత పొడుగుదాన్ని ఎట్టా నిలబెడతావమ్మా, ముందుకి పడిపోద్ది” అన్నారు. తోకే దాని త్రాసు అని చెప్పి, చువ్వను నడుము దగ్గర వేలి మీద ఆనించి చూపించాను. ముందు తల, ఛాతీ ఎంత బరువో వెనక తోక అంత బరువు. తోక నేల మీద ఈడ్చుకుపోయే పాత బొమ్మల్లో ఈ తూకం ఉండదు. బాబాయ్ ఒప్పుకున్నారు గానీ పాదాల కింద బోల్టు కూడా పెట్టమన్నారు. ఆ మాట విన్నాను.

స్టెగోసారస్ దగ్గర అసలు ఆసక్తికరమైన పని ఉంది. ముందు కాళ్ళు పొట్టి, వెనక కాళ్ళు చాలా పొడుగు. అందుకే నడుము దగ్గర ఎత్తుగా, తల నేలకి దగ్గరగా ఉంటుంది. తల దించుకుని ఫెర్న్‌లు, సైకస్‌ల వంటి కింది మొక్కలు మేసే ఒళ్ళు అది. అదే ఒళ్ళు పోట్లాటకి కూడా పనికొస్తుంది. బరువంతా వెనక కాళ్ళ మీద ఉంది కాబట్టి, బలమైన ముందు కాళ్ళతో నేలను పక్కకి తోస్తే ఒళ్ళు మొత్తం నడుము చుట్టూ తిరుగుతుంది. వేటగాడు ఎటు వస్తే తోక అటు. ఈ వివరణ బ్యాకర్ ఎప్పటి నుంచో చెబుతున్నదే. తీగ వంచేటప్పుడు దాని బలం చేతికి తెలిసింది. ముందు కాళ్ళు రెండూ ఎడంగా పెట్టి, ఎడమ కాలితో నేలని తోస్తున్నట్టు వంచగానే తోక దానంతట అదే ఎడమవైపుకి తిరిగింది.

తోక ఎంత వంచొచ్చు అన్నదానికి కూడా ఎముకల్లో జవాబుంది. చాలా శాకాహార డైనోసార్లకు వెన్ను వెంబడి స్నాయువులు ఎముకగా గట్టిపడి తోకను బిగించేస్తాయి. స్టెగోసారస్‌కి అవి లేవు. తోక మొదటి నుంచి చివరి దాకా వంగుతుంది. కాబట్టి మొదట్లో వెడల్పైన వంపు, చివరి మూడో వంతులో బిగువైన మెలి ఇచ్చాను. మెలి దగ్గర తీగ మూడు పేటలు చేశాను, లేకపోతే మట్టి బరువుకి వాలిపోతుంది.

జులై మొదట్లో: ఒళ్ళు

థర్మకోల్ ముక్కలు, వాటి మీద నలిపిన న్యూస్‌పేపర్, మాస్కింగ్ టేపు. పైన ఫెవికాల్ కలిపిన కాగితం గుజ్జు పలచటి పొరలుగా. వానాకాలం కావడంతో ఒక్కో పొర ఆరడానికి చాలా టైం పడుతోంది. తడి మీద తడి వేస్తే లోపల బూజు వస్తుంది కాబట్టి ఫ్యాన్ కింద పెట్టి, ఆరే దాకా పలకల పని చూసుకుంటున్నాను.

పొట్టను వెడల్పుగా చేశాను. స్టెగోసారస్ పళ్ళు చిన్నవి. అవి ఆకును మెత్తగా నమిలేవి కావు. మూతి ముందు కొమ్ములాంటి ముక్కుతో కత్తిరించి మింగేస్తే, మిగతా పనంతా పేగులది. అంత మేతను పులియబెట్టి జీర్ణం చేసుకోవాలంటే పెద్ద పొట్ట కావాలి. ఆ పొట్ట ఉన్న జంతువు పరుగెత్తి తప్పించుకోలేదు. అందుకే తోక.

నా మోడల్‌లో తల అరచేతిలో పట్టేంత చిన్నది. అసలు జంతువు మెదడు 80 గ్రాముల దగ్గర. “దీనికి నడుములో రెండో మెదడు ఉందంట కదా అత్తా” అని మేనల్లుడు. నడుము వెన్నుపూసల్లో ఒక పెద్ద ఖాళీ ఉన్న మాట నిజం. ఆ మాట మార్ష్ కాలం నుంచి నడుస్తోంది కూడా. కానీ పక్షులకు కూడా అదే చోట అలాంటి ఖాళీ ఉంటుంది. అందులో మెదడు కాదు, గ్లైకోజెన్ నిల్వ ఉండే కణజాలం ఉంటుంది. రెండో మెదడు లేకుండానే ఈ జంతువు అల్లోసారస్‌ను పొడిచింది. అది నాకు ఇంకా గొప్పగా అనిపిస్తుంది.

గొంతు కింద సన్న పూసలు గుచ్చాను. ఇది అలంకారం కాదు. 1992లో కొలరాడోలోని కేనన్ సిటీ దగ్గర బ్రయాన్ స్మాల్ కనుగొన్న అస్థిపంజరంలో గొంతు కింద చిన్న చిన్న ఎముక గుండ్లు చర్మంలో పేర్చినట్టు దొరికాయి. వేటగాడు మొదట పట్టుకునే చోటుకి కవచం ఉందన్నమాట. అదే అస్థిపంజరం ఇంకో విషయం కూడా తేల్చింది. తోక ముళ్ళు ఆకాశంలోకి నిక్కి ఉండవు, పక్కలకీ వెనక్కీ వాలి ఉంటాయి. పక్కకి ఊపితే గుచ్చుకునేది అలా ఉన్నప్పుడే.

జులై మధ్యలో: పలకలు, ముళ్ళు

అందరూ మొదట చూసేది పలకలనే కాబట్టి వీటి మీద ఎక్కువ రోజులు పెడుతున్నాను.

మార్ష్ మొదట ఈ పలకలు తాబేలు డిప్పలాగా వీపు మీద బల్లపరుపుగా పడి ఉండేవనుకున్నాడు. 1891లో ఆయన గీయించిన అస్థిపంజరంలో అవి ఒకే వరుసలో నిలువుగా నిలబడ్డాయి. అసలు సంగతి చెప్పిన అస్థిపంజరం కొలరాడోలోని గార్డెన్ పార్క్‌లో 1885, 1886ల్లో మార్షల్ ఫెల్చ్ తవ్వి తీసినది. ఆ జంతువు పడిపోయిన చోటే ఉండిపోయింది. పలకలు చాలావరకు వాటి స్థానాల్లోనే ఉన్నాయి. ఇప్పుడది అమెరికాలోని స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. దాన్ని పట్టుకునే 1914లో చార్లెస్ గిల్మోర్ పలకలు రెండు వరుసల్లో, ఒకదాని వెనక ఒకటి తప్పించి నిలబడతాయని తేల్చాడు. ఎడమ పలకకి ఎదురుగా కుడి పలక ఉండదు, రెండు పలకల మధ్య ఖాళీ ఉంటుంది. పైగా ఏ రెండు పలకలూ ఒకే సైజులో, ఒకే ఆకారంలో ఉండవు. కాబట్టి ఒక అచ్చు చేసి పోసుకునే వీలు లేదు. ఒక్కొక్క దానికీ విడిగా కాగితం మీద గీసి, సన్‌బోర్డు మీద కత్తిరించి, అంచులు ఉప్పు కాగితంతో పలచన చేస్తున్నాను. మెడ దగ్గర చిన్నవి, నడుము మీద అతి పెద్దవి. అసలు పలక 60 సెం.మీ. దాకా ఉంటుంది, నాకు 6 సెం.మీ.

ఈ పలకలు వెన్నెముకకు అతికి ఉండవు. చర్మంలో నుంచి పెరుగుతాయి. అందుకని తీగతో వెన్నుకి కట్టలేదు. గుజ్జులో చీలిక చేసి, మొదలు భాగాన్ని ఎం-సీల్‌తో లోపలికి దింపి, చుట్టూ చర్మం ఎగదోసినట్టు వేలితో లాగాను.

వాటి ఉపరితలం ఎలా ఉండాలి? ఎముక మీద రక్తనాళాల గాడులు నిండుగా ఉంటాయి. కానీ బతికున్నప్పుడు ఎముక బయటికి కనపడదు. స్టెగోసారస్‌కి దగ్గర బంధువైన హెస్పెరోసారస్ చర్మపు అచ్చులు 2010లో ప్రచురితమయ్యాయి. ఒంటి మీద చిన్న చిన్న పలుభుజి పొలుసులు, పలక మీద మాత్రం నున్నగా, సన్నటి సమాంతర గీతలు. కొమ్ము పదార్థపు తొడుగు అది. ఒంటికి ఉల్లిపాయల సంచి వలను అద్ది పొలుసులు తెచ్చాను. పలక మీద పాత దువ్వెన పన్ను ఒకే దిశలో లాగాను.

పలకలు డాలు కాదు. సన్నగా, లోపల గుల్లగా, రక్తంతో నిండి ఉండేవి. ఎదుటి జంతువుకి పెద్దగా కనపడడానికి, తోటి స్టెగోసారస్‌లు గుర్తుపట్టడానికి, కొంతవరకు ఒంటి వేడి సర్దుకోవడానికి ఉపయోగపడేవని ఎక్కువమంది శాస్త్రవేత్తల మాట. డాలు కాదనడానికి కాటు పడిన ఆ మెడ పలకే సాక్షి. మెడ మీద రెండో పలకకి అర్ధచంద్రాకారపు గంటు చేశాను. కొత్త గాయం కాదు, పాతది అన్నట్టు అంచులు గుండ్రంగా.

ముళ్ళు నాలుగూ సైకిల్ పుల్లల మీద ఎం-సీల్ చుట్టి చేశాను. అసలు ముళ్ళు 60 నుంచి 90 సెం.మీ. ఉంటాయి. సోఫీ చిన్న సైజు కాబట్టి నేను 6 సెం.మీ. తీసుకున్నాను. ఇక్కడ నాకు బాగా పనికొచ్చింది 2001లో వచ్చిన ఒక పరిశోధన. 51 తోక ముళ్ళను పరిశీలిస్తే వాటిలో దాదాపు 10 శాతం మొనల దగ్గర విరిగో, దెబ్బతినో ఉన్నాయి. ఊరికే ఉన్న ముల్లు విరగదు. గట్టిగా, దేనినో పొడిచిన ముల్లే విరుగుతుంది. అందుకే వెనక ఎడమ ముల్లు మొన మొద్దుగా చేసి, విరిగి మానిన చోట చిన్న ఉబ్బు పెట్టాను. ఈ జంతువుకి ఇది మొదటి పోట్లాట కాదని పిల్లలకి చూపించడానికి ఆ ఒక్క ముల్లు చాలు.

ఒక మాట రాసి పెట్టుకోవాలి, పిల్లలకి చెప్పడానికి. స్టెగోసారస్‌ను 1982లో కొలరాడో రాష్ట్ర శిలాజంగా ప్రకటించారు. దానికోసం ప్రచారం చేసింది నాలుగో తరగతి పిల్లలు.

జులై చివర: అల్లోసారస్

మాంసాహారిని రాక్షసిలాగా చేయకూడదు. ఇదీ ఆకలేసిన జంతువే, దెబ్బలు తగిలే జంతువే. బిగ్ అల్ ఒంట్లో విరిగిన, చీము పట్టిన, ఉబ్బిన ఎముకలు 19 దాకా ఉన్నాయి. కుడి పాదం మధ్య వేలి ఎముక ఇన్‌ఫెక్షన్‌తో వాచిపోయింది. నడవడానికే ఇబ్బంది పడి ఉంటుంది. ఆ వాపును నా మోడల్ కుడి పాదానికి కూడా పెట్టాను. దూరం నుంచి కనపడదు, దగ్గరికొచ్చి చూసేవాళ్ళకి కనపడుతుంది.

పుర్రె చేయడం చాలా ఇష్టంగా సాగింది. కళ్ళ ముందు రెండు చిన్న కొమ్ముల్లాంటి గట్లు, వాటి వెనక తల ఇరుకు. అల్లోసారస్ దవడ కాటు బలం ఆ సైజు జంతువుకి తక్కువేనని 2001లో ఎమిలీ రేఫీల్డ్ పుర్రెను కంప్యూటర్ మీద పరీక్షించి చెప్పింది. పుర్రె మాత్రం పైనుంచి కిందికి పడే దెబ్బను తట్టుకునేంత గట్టిది. నోరు కూడా చాలా వెడల్పుగా తెరుచుకునేది. అంటే ఎముక నలిపే కాటు దీనిది కాదు. పై దవడను దించి, పళ్ళు దింపి, మెడతో వెనక్కి లాగి మాంసం చీల్చుకునే పద్ధతి. మెడ కండరాల మీద జరిగిన ఇంకో పరిశోధన కూడా డేగలు చీల్చుకునే తీరునే చూపింది. కాబట్టి మెడ లావుగా, ఎస్ వంపుతో చేశాను.

అయితే నా క్షణంలో అది కొరకడం లేదు. పక్క నుంచి వచ్చి, తొడ కండ కోసం ఎడమ కాలు ముందుకి వేసింది. ఆ అడుగే పొట్ట కింద చోటు ఇచ్చింది. ముల్లు దిగగానే నడుము పైకి లేచి, తల స్టెగోసారస్ నుంచి పక్కకి తిరిగిపోయింది. నోరు సగమే తెరిచి ఉంది. మూడు వేళ్ళ చేతులు రెండూ ఛాతీ దగ్గరికి ముడుచుకున్నాయి. అట్ట మీద ప్రింట్ పెట్టి కొలిచి, జఘనాస్థి చివర ఎక్కడికి వస్తుందో పొట్ట మీద ఎర్ర చుక్క పెట్టుకున్నాను. మొత్తం పని ఆ చుక్క చుట్టూ జరుగుతోంది.

చర్మానికి వల అద్దలేదు. అల్లోసారస్ చర్మపు అచ్చుల్లో పొలుసులు కొన్ని మిల్లీమీటర్లే. పదో వంతు చేస్తే కంటికి ఆనవు. ఉప్పు కాగితంతో కాస్త గరుకు చేసి వదిలేశాను.

ఆగస్టు మొదటి వారం: కలపడం, నేల, రంగు

రెండింటినీ ప్లైవుడ్ మీద నిలబెట్టి, ముల్లు మొనను ఎర్ర చుక్కకి చేర్చి చూశాం. తోక మెలి దగ్గర మూడు పేటల తీగ పెట్టినందుకు ఇప్పుడు ఫలితం దక్కింది. కాస్త వేడి చూపించి గుజ్జు మెత్తబడ్డాక చివర కొద్దిగా తిప్పితే ముల్లు కింది నుంచి పైకి, సరైన కోణంలో కూర్చుంది. ముల్లుని అల్లోసారస్ పొట్టలోకి ఒక సెంటీమీటరు దింపి ఎం-సీల్ పెట్టాను. రెండు మోడల్స్‌నీ కలిపి ఉంచే అతుకు కూడా అదే అయింది.

నేల విషయంలో మేనల్లుడు పచ్చటి గడ్డి చాప కొనుక్కొచ్చాడు. దాన్ని వాపసు ఇప్పించాల్సి వచ్చింది. జురాసిక్‌లో గడ్డి లేదు, పూలు లేవు. గడ్డి చాలా తర్వాత వచ్చింది. మహారాష్ట్రలోని పిస్దూరాలో దొరికిన డైనోసార్ పేడ శిలాజాల్లో గడ్డి ఆనవాళ్ళు ఉన్నాయని 2005లో తేలింది. అవి డైనోసార్ల చివరి రోజులవి. మోరిసన్ కాలంలో అక్కడ ఎండాకాలం ఎక్కువ, ఏటి గట్ల వెంట మాత్రం పచ్చదనం. ఫెర్న్‌లు, సైకస్ రకాలు, గింకో, గుర్రపుతోక మొక్కలు, పైన శంకువృక్షాలు. వీటిలో కొన్నింటి బంధువులు మన నర్సరీలలోనే ఉన్నాయి. క్రిస్మస్ చెట్టు పేరుతో కుండీల్లో అమ్మేది అరౌకేరియా జాతి. ఆ కుటుంబం చెట్లు స్టెగోసారస్ తల మీద నీడ పట్టాయి. ఎండిన అరౌకేరియా కొసలు, ఎండబెట్టిన ఫెర్న్ ఆకులు ఫెవికాల్ నీళ్ళలో ముంచి వాడుతున్నాం. నేలకి జల్లించిన ఎర్రమట్టి, ఏరు ఎండిన చోట పగుళ్ళు.

రంగులకి ఎముకల సాయం లేదు. కాబట్టి ఆ నేల మీద బతికే జంతువుకి నప్పేలా పెట్టాం. స్టెగోసారస్‌కి మట్టి గోధుమ, పొట్ట లేతగా. పలకల మీద మాత్రం తోటి జంతువులకి కనపడేటట్టు ఎర్రటి గోధుమ చారలు. అల్లోసారస్‌కి బూడిద మీద ముదురు మచ్చలు, ఏటి గట్టు నీడలో దాగడానికి. రక్తం వేయొద్దన్నాను. ముల్లు దిగిన చోటు రక్తం లేకుండానే తెలుస్తోంది.

ఆగస్టు రెండో వారం: మిగిలినవి

హెడ్‌మాస్టరు గారు వచ్చి చూశారు. పేరు అట్ట మీద “భీకర పోరాటం” అని రాద్దామన్నారు. నేను వేరే కోరాను. మోడల్ పక్కనే చిన్న పెట్టెలో మూడు ఎముకల నకళ్ళు మట్టితో చేసి పెడతాను: చిల్లు పడిన తోక వెన్నుపూస, గంటు పడిన పలక, చీము తిన్న జఘనాస్థి. ఒక్కొక్కదాని నుంచి దారం మోడల్ మీద సరైన చోటికి వెళుతుంది. పిల్లలు దారం పట్టుకుని వెళ్ళి చూసుకోవాలి. సారు కాసేపు ఆలోచించి, “అయితే పేరు వాళ్ళనే పెట్టుకోమందాం” అన్నారు. వెనక అట్ట మీద మేనల్లుడి కాలం గీత ఎక్కింది, స్టెగోసారస్, టీ-రెక్స్, మనం.

వెన్నుపూస నకలు ఆరింది. పలక నకలు ఈ రాత్రికి ఆరుతుంది. జఘనాస్థి ఇంకా చేయాలి, చీము తిన్న గుంట లోపలి గరుకు ఎలా తేవాలో ఉప్పు కల్లు అద్ది చూస్తాను. అల్లోసారస్ పాదాల కింద బోల్టులు బిగించడానికి బాబాయ్ ఆదివారం వస్తానన్నారు. ఆ తర్వాత మ్యాట్ వార్నిష్ ఒక పూత, వాన తెరిపి ఇచ్చిన రోజు చూసి.